అర్థమైపోయిందనిపించే వీడియోలు

సైన్సు వీడియో చూశాక ‘ఎంత బాగా చెప్పాడో’ అనిపిస్తే అది మంచి వీడియో అనుకుంటాం. అది సరైన కొలత కాదని నా గట్టి అభిప్రాయం. యూట్యూబ్‌లో వెరిటాసియం ఛానల్ పెట్టిన డెరెక్ ముల్లర్ అంతకుముందు సిడ్నీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి చేసిన పరిశోధనే ఇందుకు ఆధారం. న్యూటన్ సూత్రాలను సూటిగా వివరించిన వీడియో చూసిన విద్యార్థులు చాలా స్పష్టంగా ఉందన్నారు, కానీ పరీక్ష పెడితే మార్కులు పెద్దగా పెరగలేదు. జనంలో ఉన్న తప్పు అభిప్రాయాన్ని ముందు పెట్టి, అదెందుకు తప్పో విప్పి చూపిన వీడియో చూసినవాళ్లు బుర్రకు పని పడిందన్నారు, మార్కులు బాగా పెరిగింది మాత్రం వాళ్లకే. పైకి ఎగరేసిన బంతినే తీసుకోండి. అది పైకి వెళ్తున్నంతసేపూ చేతి బలం ఇంకా తోస్తూనే ఉంటుందని చాలామంది నమ్మకం. నిజానికి చెయ్యి వదిలాక, గాలి సంగతి పక్కన పెడితే, దాని మీద పనిచేసేది కిందికి లాగే గురుత్వబలం ఒక్కటే. ఇది నేరుగా చెబితే ‘తెలిసిందేగా’ అని తలూపి, పాత నమ్మకంతోనే లేచిపోతాం.

తప్పు చూపిస్తే పిల్లల మనసులో అదే నాటుకుపోదా అని అడగొచ్చు. న్యాయమైన భయమే. కానీ ఆ తప్పు వీడియో రాకముందే అక్కడ తిష్ఠ వేసుకుని ఉంది, దాన్ని బయటికి లాగనిదే కొత్తదానికి చోటు దొరకదు. అలా లాగడం ఎలాగో ఒక ఉదాహరణ చూడండి. 1971లో అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి మీద ఒక చేత్తో సుత్తి, ఇంకో చేత్తో డేగ ఈక పట్టుకుని ఒకేసారి వదిలేశాడు. రెండూ కలిసే నేలను తాకాయి. పిల్లలకు ఆ వీడియో చూపించేటప్పుడు, అతను వాటిని వదిలే ముందు ఆపి, ఏది ముందు పడుతుందో అడగండి. ఎందుకో కూడా చెప్పించండి. ఆ తర్వాతే ప్లే నొక్కండి.