షోలాపూర్ నుంచి సిరిసిల్లకు: పాత కారు, కొత్త ఫోను

నేను షోలాపూర్‌లో మొదట గిరిణిలో, తర్వాత పవర్‌లూమ్ కార్ఖానాలో సాంచాల మీద ముప్పై ఐదేండ్లు పనిచేసి ఇప్పుడు ఇంట్ల కూసున్న మనిషిని. నాలుగో తరగతి దాకే చదివిన. రాతలో తప్పులుంటే మన్నించాలె.

మా పెద్దోడు నిరుడు ఒక పాత కారు కొన్నడు. 2016 మోడలు. కిరాయికి తిప్పుకుంట బాపు అంటే నా పీఎఫ్ పైసల్లోంచి లక్షన్నర ఇచ్చిన. అమ్మినాయన వైరు పెట్టి చూపిస్తే ఫోన్ల ఉన్న మ్యాపు కారు తెర మీద పెద్దగ కనపడ్డది. ఆ తెర పేరు చెప్పి ఇరవై వేలు ఎక్కువ తీసుకున్నడు. వాని పాత ఫోనుతో బాగనే నడిచింది. అది పగిలితే వారం కిందనే కొత్తది కొన్నడు.

మొన్న మాఘమాసంలో సిరిసిల్ల నుంచి కబురొచ్చింది. మా అక్కకు పక్షవాతం వచ్చిందట, నన్నే అడుగుతున్నదట. మధ్యాహ్నం మూడింటికి బయలెల్లినం. కొత్త ఫోనుకు వైరు పెడితే ఛార్జింగ్ ఎక్కుతున్నది గాని తెర మీద ఏమీ రాలేదు. "దారిల చూద్దాంలే బాపు" అన్నడు.

షోలాపూర్ నుంచి హైదరాబాదు మూడు వందల కిలోమీటర్లు ఉంటది. చిన్నప్పుడు మా నాయినతో ఎర్ర బస్సులో ఎన్నిసార్లో పోయిన. నల్‌దుర్గ్ రాంగనే కోట కనపడుతది. బోరీ నదికి కట్టిన ఆనకట్ట లోపలనే పానీ మహల్ ఉంటది. వానకాలంలో దాని మీంచి నీళ్లు దుంకుతుంటే బస్సు కిటికీలోంచి తల బయట పెట్టి చూసేటోళ్లం. ఉమర్గా దాటినంక మరాఠీ బోర్డులు పోయి కన్నడం బోర్డులు వస్తయి. జహీరాబాదు దగ్గర తెలుగు బోర్డు కనపడితే ప్రాణం లేచొచ్చినట్టు అయితది.

హుమ్నాబాద్ వచ్చేసరికి పొద్దుగూకింది. ఫోను వాని ఒళ్లోనే ఉన్నది. ఒక చేత్తో వైరు తీస్తడు, పెడతడు, తెర ఒత్తుతడు. నేను ముందుకు చూసి "ఆపురా!" అని అరిచిన. చెరుకు నింపిన ట్రాక్టరు, వెనక దీపం లేదు. బ్రేకు గట్టిగ తొక్కిండు. జానెడు దూరంలో ఆగింది. వాని చేతులు వణుకుతున్నయి. ఆ గాబరాలో చౌరస్తా కాడ కలబురగి రోడ్డు పట్టినం. పాతిక కిలోమీటర్లు పోయినంక చాయ్ హోటలాయన చెప్తే వెనక్కి మళ్లినం.

జహీరాబాదులో కార్ల సామాను దుకాణం తెరిచే ఉన్నది. అందులో పిలగాడు మంచోడు. "తాతా, కొన్ని వైర్లు ఛార్జింగ్‌కే పనికొస్తయి" అని వేరే వైరు పెట్టి చూసిండు. అయినా రాలేదు. అప్పుడు చెప్పిండు: "ఈ తెరకు తెలిసింది మిర్రర్‌లింక్ అనే పాత పద్ధతి. 2014లో యాపిల్ కార్‌ప్లే, 2015లో ఆండ్రాయిడ్ ఆటో వచ్చినయి. కొత్త ఫోన్లల్ల పాత పద్ధతి తీసేసిండ్రు. మీ తెర చెడిపోలే, ఫోనూ చెడిపోలే. ఒకదాని మాట ఒకదానికి తెలుస్తలేదు."

నాకు మా సాంచాలు యాదికొచ్చినయి. పళ్ల చక్రం విరిగితే షోలాపూర్‌లోనే పోత పోయించి బిగించేటోళ్లం, మళ్ల పదేండ్లు నడిచేది. ఇక్కడ విరిగింది ఏదీ లేదు, ఏం పోత పోయించాలె?

కొత్త తెర పెట్టాల్నంటే చాన పైసలు. పిలగాడు అది అంటగట్టలేదు. ఫోను నిలబెట్టే స్టాండు నూటయాభైకి ఇచ్చి, బ్లూటూత్ కలిపిండు. బ్లూటూత్ కొత్తది వచ్చినా పాతదాంతో మాట్లాడుతదట. ఇగ మ్యాపు చెప్పే మాట కారు స్పీకర్లలో వినపడ్డది. అక్కడి నుంచి వాడు రోడ్డు మీదికెల్లి చూపు తిప్పలేదు.

సిద్దిపేట దాటినంక మెల్లగ అడిగిండు, "నీ పైసలు దండుగ చేసిన్నా బాపు?" అని. బండి దండుగ కాదురా, తెరకిచ్చిన ఇరవై వేలే దండుగ అన్న.

మనోళ్ల పిల్లలు చానమంది పాత బండ్లు కొని కిరాయికి తిప్పుతున్నరు. వాళ్లకు నా మాట ఒకటే. కారు పదిహేనేండ్లు ఉంటది, ఫోను మూడు నాలుగేండ్లకు మారుతది. కొనేటప్పుడు అమ్మేటాయన ఫోను కాదు, మీ ఫోను పెట్టి చూడుండ్రి. తెర పేరు మీద ఎక్కువ పైసలు ఇయ్యకుండ్రి. ముందుగాల షోరూంలో దానికి అప్‌డేట్ ఉన్నదా అడుగుండ్రి. పాత ఫోను బాగుంటే పారేయకుండ బండిలనే పెట్టుకోండ్రి. ఏది కలపాల్నన్నా బండి ఆపి కలుపుండ్రి.

ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటిగంట. అక్క పండుకోలేదు. మూతి ఒక పక్కకు పోయింది, మాట సరిగ్గ రాదు. ఏదో అన్నది. కోడలికి సమజు కాలేదు. నాకైంది. "తమ్మీ, దారి మరిచినవా?" అన్నది. మరిచిన అక్కా అని చెయ్యి పట్టుకున్న.