మెంఫిస్ పత్తి సంత

ఫిబ్రవరి నెలాఖరులో మెంఫిస్ చలి ఎముకలు కొరుకుతుంది. మిసిసిపి నది మీదుగా వచ్చే ఆ తడి గాలిలోనే టెన్నెసీ, ఆర్కన్సా, మిసిసిపి, లూజియానా, మిస్సోరి రాష్ట్రాల పత్తి రైతులు పికప్ బండ్లేసుకుని ఊళ్లోకి దిగుతారు. అప్పటికింకా దుక్కులు మొదలు కావు. ఏ విత్తనం కొనాలో తేలదు. మిడ్‌సౌత్ ఫామ్ అండ్ జిన్ షో ఏటా ఈ అదనులో పెట్టేది అందుకే. నడిపేది సదరన్ కాటన్ జిన్నర్స్ అసోసియేషన్, అంటే జిన్నింగ్ మిల్లుల వాళ్ల సంఘం. నేను పరకాల పక్క పల్లెలో పత్తి పండించే ఇంట పుట్టినవాణ్ణి. మేనల్లుడు మెంఫిస్‌లోనే ఉద్యోగం చేస్తున్నాడు. ఇక చూడకుండా ఎలా ఉంటాను?

హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురైంది జాన్ డీర్ వాళ్ల పత్తి ఏరే యంత్రం. దాని చక్రం నా భుజం కంటే ఎత్తు. ఒకేసారి ఆరు సాళ్లలో పత్తి తీసి, లోపలే గుండ్రటి మోపుగా చుట్టి, పైన పసుపు ప్లాస్టిక్ కప్పి వెనక నుంచి వదిలేస్తుంది. ఒక్కో మోపు రెండు టన్నుల పైమాటే. యంత్రం ధర పది లక్షల డాలర్ల దరిదాపుల్లో ఉంది. మా మేనల్లుడు రూపాయల్లోకి మార్చి చెప్పబోయి, "వద్దులే మామా" అని ఊరుకున్నాడు. ఆ పసుపు ప్లాస్టిక్కే ఇప్పుడు వాళ్లకు పెద్ద తలనొప్పి. ముక్కలు దూదిలో కలిసి నూలు మిల్లుల దాకా పోతున్నాయట. మన పత్తిలో గోనె పీచు, వెంట్రుకలు, ఎరువుల సంచుల దారాలు ఉంటాయని తిట్టే కొనుగోలుదారులు అమెరికా పత్తినీ వదలడం లేదు.

విత్తనాల స్టాళ్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. డెల్టాపైన్ అన్న పేరు చూసి ఆగాను. డెల్టా అండ్ పైన్ ల్యాండ్ కంపెనీ మిసిసిపిలోని స్కాట్ అనే ఊళ్లో ఉండేది. మాంచెస్టర్ నూలు మిల్లుల వాళ్లు 1911లో తమ మిల్లులకు సన్న పింజ కావాలని కొన్న పత్తి తోటలే దానికి మూలం. 2007లో మోన్‌శాంటో చేతికి పోయింది. అదే మోన్‌శాంటో బోల్‌గార్డ్ బీటీ విత్తనం 2002 నుంచి మన చేలలోకి వచ్చింది. స్టాల్లో ఉన్న కుర్రవాణ్ణి గులాబీ రంగు పురుగు సంగతి అడిగాను. అది మాకు లేదండీ అన్నాడు. నిజమే, 2018లో అమెరికా ప్రభుత్వం ఆ పురుగు తమ దేశంలో నిర్మూలమైందని ప్రకటించింది. అరిజోనా, కాలిఫోర్నియా, న్యూమెక్సికో, టెక్సాస్ రైతులు కట్టకట్టుకుని బీటీ పత్తి వేశారు, పంట అవగానే మోళ్లు దున్నేశారు. వాటికి తోడు ఆ పురుగు జాతివే, గొడ్డు చేసిన రెక్కల పురుగులను విమానాల్లోంచి చేలమీద వదిలారు. మన దగ్గర అదే జన్యువు ఉన్న పత్తిని అదే పురుగు తినేస్తోంది. హైబ్రిడ్ మొక్కను ఫిబ్రవరి, మార్చి దాకా చేలోనే ఉంచి మూడు నాలుగు తీతలు తీస్తాం, పక్కన వేయమన్న మామూలు పత్తి వేయం, మోళ్లు మిగిలిపోతాయి. తప్పంతా రైతుదేనంటే నేను ఒప్పుకోను. తక్కువ కాలపు రకాలు ఇవ్వకుండా ఏటా కొనాల్సిన హైబ్రిడ్లనే చేతిలో పెట్టింది ఎవరు?

శుక్రవారం పొద్దున ధరల మీద ఒక ఉపన్యాసం ఉంది. ఈ షోలో నాకు బాగా నచ్చింది అదే. దూది ఎగుమతి చేసే వ్యాపారి వేదిక మీదకు వచ్చి, వచ్చే ఏడాది ప్రపంచంలో ఎంత పత్తి పండొచ్చు, చైనా ఎంత కొనొచ్చు, పాలిస్టర్ ఎంత తినేస్తోంది అని రైతుల ముఖం మీదే చెప్తాడు. 2023-24లో అమెరికాను దాటి బ్రెజిల్ పత్తి ఎగుమతుల్లో మొదటి స్థానానికి వెళ్లిందన్న మాట వచ్చినప్పుడు ముందు వరుసలో ఒకాయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆ బ్రెజిలే అమెరికా పత్తి సబ్సిడీల మీద ప్రపంచ వాణిజ్య సంస్థలో 2002లో కేసు వేసి గెలిచింది. 2014లో 30 కోట్ల డాలర్లు ఇచ్చి అమెరికా ఆ తగాదా తీర్చుకుంది. ఆ సబ్సిడీల దెబ్బ మనకూ తగిలింది. కానీ ఆ హాల్లో కూర్చున్న ముఖాల్లో ఉన్నది ధీమా కాదు. అప్పుల లెక్క వేసుకుంటున్న ముఖాలు అవి. నాకు తెలిసిన ముఖాలే.

మధ్యాహ్నం కాఫీ దగ్గర ఆ టోపీ ఆయనే పలకరించాడు. ఆర్కన్సా డెల్టాలో పుట్టిన నల్లజాతి రైతు, డెబ్బై దాటాయి. వరంగల్ వైపు నుంచి వచ్చానంటే, అక్కడ పత్తి చేత్తోనే ఏరతారా అని అడిగాడు. అవునన్నాను. చేతులు చాచి చూపించాడు. చిన్నప్పుడు తల్లి వెనక తొమ్మిదడుగుల గుడ్డ సంచి ఈడ్చుకుంటూ ఏరాడట. పత్తి తీసే కాలంలో బడి మూసేసేవారట. "మా అమ్మ వేలి చివర్లు ఎప్పుడూ నెత్తురోడుతుండేవి, పగిలిన కాయ మొన ముల్లే కదా" అన్నాడు. మా అమ్మ గోళ్ల పక్కన పగుళ్లకు రాత్రిపూట ఆముదం రాసుకోవడం నాకు గుర్తొచ్చింది. ఆయనతో చెప్పాను. తలూపి, జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు.

అందులో తన చేను దూది ఉంది. ఒక చిటికెడు తీసి రెండు చేతుల బొటనవేళ్లకూ చూపుడువేళ్లకూ మధ్య పట్టి లాగాడు. తెగిన రెండు భాగాల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి మళ్లీ లాగాడు. మళ్లీ పెట్టాడు. నాలుగైదుసార్లు అలా చేసేసరికి పొట్టి పోగులు రాలిపోయి, అన్నీ ఒకే కొలతలో సర్దుకుని పట్టులా మెరిసే చిన్న జడ మిగిలింది. దాన్ని తన నల్ల కోటు చేతిమీద పరిచాడు. ఆ నలుపు మీద పింజ చివర ఎక్కడ ఆగిందో స్పష్టంగా కనిపించింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో మా నాన్న సరిగ్గా ఇలాగే లాగి, తన పంచె అంచుకు ఆనించి చూసేవాడు. కొనేవాడు మాత్రం చూసేవాడు కాదు. బస్తాలోకి చెయ్యి దూర్చి, తేమ ఉందని, రంగు మారిందని ఒక ధర చెప్పేవాడు. ఆ ధరకు అమ్ముకుని రావడమే.

ఆయన జడను నా చేతిలో పెట్టి, ఇంకో జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. అది ఆయన బేళ్ల పట్టిక. ప్రతి బేలుకూ ఒక శాశ్వత నంబరు. బేలు రెండు పక్కల నుంచీ నమూనా కోసి ప్రభుత్వ వర్గీకరణ కార్యాలయానికి పంపుతారు. అక్కడ యంత్రం పింజ పొడవు, బలం, సన్నదనం చెప్పే మైక్రోనేర్, రంగు, ఆకు తునకలు కొలిచి నంబరు పక్కన రాస్తుంది. పేదా గొప్పా తేడా లేకుండా ఎవరి బేలుకైనా ఇదే పద్ధతి. ఆయన వేలు పెట్టి చూపించిన బేలు పింజ 37, మైక్రోనేర్ 4.3. ఆ 37 అంటే అంగుళంలో 32వ వంతులు. మిల్లీమీటర్లలో 29 దాటుతుంది. మా పరకాల పొడవు పింజ పత్తి కూడా ఆ కొలతే. మన మద్దతు ధర కాగితం మీదా పింజ పొడవు, మైక్రోనేర్ ఉన్నాయి. కానీ యార్డులో మాట్లాడేది తేమ మీటరొక్కటే. 8 శాతం దాటితే కోత, 12 దాటితే వెనక్కి. రాత్రంతా మంచులో బండి నిలబెట్టుకున్న రైతు పత్తికి పొద్దున్నే మీటరు పెడితే ఏం చూపిస్తుంది?

అసలు తేడా అక్కడ కూడా లేదని తర్వాత ఆలోచిస్తే తెలిసింది. ఆయన అమ్ముతున్నది దూది. మేం అమ్మేది గింజతో ఉన్న పత్తి. మిల్లు గేటు దగ్గర బండి దించిన క్షణాన అది మాది కాకుండా పోతుంది. ఆయనకు మిల్లు కిరాయికి పనిచేస్తుంది. దూది, గింజ రెండూ ఆయనవే.

సాయంత్రం మేనల్లుడు ఫ్రంట్ స్ట్రీట్‌కు తీసుకెళ్లాడు. నదికి ఆనుకుని ఉన్న ఈ వీధిని కాటన్ రో అంటారు. మెంఫిస్ కాటన్ ఎక్స్ఛేంజ్ బేరాల హాలు ఇప్పుడు మ్యూజియం. ధరలు రాసిన పెద్ద బోర్డు అలాగే ఉంది. ఆ హాల్లోకి తెల్లజాతి మగవాళ్లైన సభ్యులకే ప్రవేశం ఉండేది. పండించినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. మనకూ ఈ నేలకూ పాత సంబంధం ఉంది. 1840 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ మిసిసిపి వైపు నుంచి పత్తి తోటల యజమానులను జీతానికి పిలిపించి, అమెరికా రకం పత్తిని భారతదేశంలో పండించి చూపించమంది. మద్రాసు ప్రెసిడెన్సీలో కోయంబత్తూరులో ఆ ప్రయోగాలు ఏళ్ల తరబడి సాగాయి. అప్పట్లో అంతగా ఫలించలేదు. ఇప్పుడు మన చేలలో దాదాపు అంతా ఆ అమెరికా జాతి పత్తే. పొందూరులో వాలుగ చేప దవడతో దువ్వి సన్నగా వడికే కొండ పత్తి మాత్రం కొన్ని ఇళ్లల్లో మిగిలింది.

ఆ తర్వాతి రోజు వాన. గదిలోనే గడిచిపోయింది.

ఆదివారం దక్షిణంగా క్లార్క్స్‌డేల్ వెళ్లాం. నేల బల్లపరుపు. కనుచూపు మేర చేలు. ఊళ్ల మధ్య మనుషులే లేరు. ఆ పట్నం అవతల హాప్సన్ ప్లాంటేషన్ ఉంది. 1944లో విత్తిన దగ్గర నుంచి ఏరేదాకా మొత్తం యంత్రాలతోనే పత్తి పంట తీసింది ఇక్కడే. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ యంత్రం ఏరడం చూడటానికి జనం విరగబడ్డారట. ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఏరేవాళ్లకు పని పోయింది. షికాగో, డెట్రాయిట్ రైళ్లెక్కి లక్షల మంది వెళ్లిపోయారు. మా ఊళ్లో ఇప్పుడు పత్తి ఏరడానికి మనుషులు దొరకడం లేదని, యంత్రం ఎప్పుడొస్తుందని రైతులే అడుగుతున్నారు. కిలోకింత అని కూలికి ఏరే ఆడవాళ్లను మాత్రం ఎవరూ అడగడం లేదు.

క్లార్క్స్‌డేల్‌లో తిన్న తమాలీ గురించి చెప్పకుండా ఉండలేను. మొక్కజొన్న పిండిలో కారం వేసిన మాంసం పెట్టి, మొక్కజొన్న పొత్తు పొట్టులో చుట్టి, ఎర్రటి మసాలా నీళ్లలో ఉడికిస్తారు. మూడు కలిపి దారంతో కట్టి ఇస్తారు. పొట్టు విప్పగానే ఆవిరితో పాటు మిరప ఘాటు ముక్కుకెక్కింది. అమెరికాలో అడుగుపెట్టాక నాలుకకు ప్రాణం వచ్చింది అప్పుడే. మెక్సికో తిండి ఈ ఊళ్లో ఏమిటని అడిగితే, నూరేళ్ల కింద పత్తి ఏరడానికి వచ్చిన మెక్సికో కూలీల దగ్గర నల్లజాతి కూలీలు నేర్చుకున్నారని కొట్టు ఆవిడ చెప్పింది. చలిలో చేనిగట్టున పెట్టినా మధ్యాహ్నం దాకా వేడి పోదట. మా వైపు పత్తి చేలకు వెళ్లే సద్దిమూటలో జొన్న రొట్టె, పచ్చిమిరప కారం ఉంటాయని చెప్పాను. ఆవిడ ఇంకో కట్ట తెచ్చి పెట్టి డబ్బు వద్దంది.

సోమవారం ఆ పెద్దాయన పిలిచిన మాట మీద నది దాటి ఆర్కన్సాలోని రైతుల సహకార జిన్నింగ్ మిల్లుకు వెళ్లాం. సీజన్ కాదు కాబట్టి మిల్లు ఆగి ఉంది. మెకానిక్‌లు రంపపు చక్రాలు విప్పి పళ్లు సరిచేస్తున్నారు. మన మిల్లుల్లో ఎక్కువగా ఉండేవి జంట రోలర్లు. అవి పింజను లాగుతాయి, నెమ్మది. ఇక్కడ రంపాలు చీలుస్తాయి, వేగం. ఇక్కడి ఒక్క బేలు 218 కిలోలు, మనది 170.

వెనక గింజల కొట్టం చూపించాడు. అడుగున కొంచెం మిగిలి ఉంది. పాడి పశువులకు దాణాగా, నూనె మిల్లులకు పోతుందట. ఆ గింజ విలువలోంచే జిన్నింగ్ కిరాయి తీసేసుకుని, మిగిలితే రైతుకు లెక్క కట్టి ఇస్తారు. నా వైపు తిరిగి, "మీ గింజల డబ్బు ఎవరికి పోతుంది?" అని అడిగాడు. మా పత్తిలో బరువు మూడింట రెండు వంతులు గింజే. ధరలో అదీ కలిసే ఉంటుందని మిల్లువాళ్లు అంటారు. ఎంత కలిసిందో రైతు ఎన్నడూ కాగితం మీద చూడడు. అదే ఆయనకు చెప్పాను. ఆయన చాలాసేపు ఆ గింజల్ని చేత్తో కెలుకుతూ, ఒకప్పుడు తమకూ లెక్క చూపించేవారు కాదని, తమ పత్తిని తామే ఆడించుకునేదాకా తెలియలేదని అన్నాడు.

ఆ రాత్రి మా తమ్ముడికి ఫోన్ చేశాను. దీపావళి దాటాక మొదటి తీత పత్తి ఊళ్లో పదిమందిది కలిపి, కిరాయికి జిన్నింగ్ చేయించి, దూది నమూనా గుంటూరులో కేంద్ర పత్తి పరిశోధన సంస్థ సిర్కాట్ పరీక్ష కేంద్రానికి పంపిద్దామన్నాను. గింజ విడిగా తూకం వేయించి అమ్ముదామన్నాను.

"మిల్లువాడు ఒప్పుకుంటాడా అన్నా?" అన్నాడు.

పరకాలలో కాకపోతే జమ్మికుంటలో అడుగుదాం, అక్కడా కాకపోతే ఆదిలాబాద్ దాకా పోదాం అన్నాను. పదిమంది పేర్లు రాసి పెట్టమని చెప్పాను.