విప్పి చూసుకోగల కంప్యూటర్

ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి నుంచి 2012లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ వచ్చింది. అరచేతిలో ఇమిడే బోర్డు. అప్పట్లో ఇంటర్నెట్ తీగ తగిలించుకునే రకం ధర 35 డాలర్లు. తెర ఉండదు, పైన డబ్బా ఉండదు, టీవీకి కలుపుకోవాలి. పిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలని దాన్ని చేశారు.

మేం దాని కోసం ఎదురుచూశాం. మా గోండి లిపిలోని పాత రాతప్రతులు ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో ఉన్నాయి. ఆ అక్షరాలకు 2012లో యూనికోడ్‌లో ఇంకా చోటు దొరకలేదు. అప్పట్లో కొన్న ఫోన్‌లో మా లిపి మేం చేర్చుకుందామంటే వీలుండేది కాదు. ఈ బోర్డు మీద నడిచే లైనక్స్‌ను మాత్రం ఎవరైనా విప్పి మార్చుకోవచ్చు. చిప్పు లోపలి గుట్టంతా బయటపెట్టలేదు గానీ, ఫాంటు, కీబోర్డు మా పిల్లలే తయారుచేసి అందులో పెట్టుకోవచ్చు.

ప్రధాన్లు కిక్రి తీగలు తామే బిగించుకుని మా పెద్దల కథలు పాడతారు. కంప్యూటర్ కూడా అలా మా చేతికి లొంగాలి. బోర్డు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. ఆ లిపి చదవగలిగిన పెద్దలు కొద్దిమందే మిగిలారు. వాళ్లుండగానే మా పిల్లలు వాళ్ల పక్కన కూర్చోవాలి.