మూడు తోకలు... మూడు షిఫ్టులు!

పటాన్‌చెరు-సంగారెడ్డి దారిలో ఫ్యాక్టరీలు నిద్రపోవు. ఆ సందడి మధ్య హుషారైన కుక్కల్ని రెండు మూడు పెంచడమంటే మాటలు కాదు. వాటికి పాఠాలు చెప్పాలి, వాటి దగ్గర మనమూ నేర్చుకోవాలి!

తెల్లవారుజామున ఇస్నాపూర్ దగ్గర రోడ్డు మీద రెండు రకాల జనం కనిపిస్తారు. టిఫిన్ డబ్బాతో కంపెనీ బస్సు కోసం ఎదురుచూసేవాళ్లు కొందరు. గొలుసు పట్టుకుని, కుక్క లాగినవైపల్లా పరుగెత్తేవాళ్లు ఇంకొందరు. మొదటివాళ్ల డ్యూటీ ఇంకా మొదలవ్వలేదు. రెండోవాళ్లది ఎప్పుడో మొదలైంది!

రామచంద్రాపురానికి 1960ల్లో బీహెచ్‌ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరుకి ఇక్రిశాట్ వచ్చింది. ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం... ఒకదాని వెనక ఒకటి పారిశ్రామికవాడలు. పొలాలు ప్లాట్లయ్యాయి, ఊళ్లు కాలనీలయ్యాయి. ఒకప్పుడు పొలం గట్ల మీద ఇష్టం వచ్చినట్టు తిరిగిన కుక్క ఇప్పుడు రెండు వందల గజాల ఇంట్లో, గేటు వెనక ఉంటోంది. దాని కాళ్లలోని పరుగు మాత్రం ఎక్కడికీ పోలేదు. అసలు సమస్యంతా అక్కడే!

ఎవరి హుషారు వాళ్లది
ఒక్క కుక్క ఉంటే ముద్దు. రెండుంటే సందడి. మూడుంటే... ఇంట్లో పెత్తనం వాటిదే!

లాబ్రడార్‌ని చూడండి. దాని పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లకు సాయపడేవి. నోటితో పట్టుకొచ్చి ఇవ్వడం వాటి వృత్తి. మన ఇంట్లో వలలుండవు కాబట్టి చుట్టాల చెప్పులు తెచ్చిపెడుతుంది. జర్మన్ షెపర్డ్ గొర్రెల కాపరి వంశం. మేపడానికి మందలేదీ లేకపోతే పిల్లల్ని ఒక మూలకి తోలుకొస్తుంది. ఇక కంపెనీ గేటు దగ్గర దొరికిన ఊరకుక్క పిల్ల. జాతి పేరు లేకపోయినా గేటు గడియ ఎలా తీయాలో అందరికంటే ముందు కనిపెట్టేది అదే!

ఇవన్నీ అల్లరి పనులు కావు. పనిలేని పనివాళ్లు చేసే పనులు. మనం పని చెప్పకపోతే అవే వెతుక్కుంటాయి. అప్పుడు బలయ్యేది సోఫా.

షిఫ్టుల ఇళ్లలో ఇంకో చిక్కుంది. నైట్‌డ్యూటీ చేసొచ్చిన మనిషి మంచం వైపు చూస్తాడు. బండి చప్పుడు వినగానే లేచిన కుక్కలు గేటు వైపు చూస్తాయి. ఈ వారం పొద్దున, వచ్చే వారం రాత్రి అంటే వాటికి అర్థం కాదు. అందుకే యజమాని షిఫ్టు మారినా కుక్కల షిఫ్టు మారకూడదు. ఒకరు డ్యూటీలో ఉంటే ఇంకొకరు అదే వేళకి తిప్పాలి.

బయటికి వెళ్లడం కుదరని రోజున ముక్కుకి పని చెప్పొచ్చు. జొన్నరొట్టె ముక్కలు నాలుగు పెరట్లో గడ్డి మధ్య దాచి ‘వెతుకు’ అంటే చాలు. కాసేపు వాసన పట్టి వెతికిన కుక్క హాయిగా కునుకు తీస్తుంది. మూడూ ఉంటే మాత్రం ఒక్కోదాన్నీ విడిగా వదలాలి. లేదంటే రొట్టె ముక్క కోసం యుద్ధమే!

రోజుకి పది నిమిషాల బడి
ఎక్కువ కుక్కలున్న ఇంట్లో మొదటి సూత్రం... ఒకసారి ఒక్కదానికే పాఠం. మిగతావి లోపల ఉండాలి. రెండో సూత్రం ఇంట్లోవాళ్లకి. నాన్న ‘కమ్’ అని, నానమ్మ ‘ఇటు రావే’ అని, పిల్లాడు ఈల వేసి పిలిస్తే కుక్క ఎవరి మాట వినాలి? అందరిదీ ఒకే మాట కావాలి. చెప్పింది చేసిన క్షణంలోనే మెచ్చుకోవాలి, ఏదైనా తినిపించాలి. ఆలస్యంగా వచ్చిందని కొడితే రావడమే తప్పనుకుంటుంది. రేపు పిలిస్తే రాదు.

ఈ బెల్టులో అన్నిటికన్నా విలువైన పాఠం ‘ఆగు’. గేటు తీస్తే ఎదురుగా ట్యాంకర్లు, ట్రాలీలు. షేక్‌హ్యాండ్ ఇవ్వడం రాకపోయినా ఫర్వాలేదు. గేటు తెరిచినా మాట వచ్చేదాకా కదలకుండా కూర్చోవడం వస్తే ప్రాణం నిలుస్తుంది.

పిల్లగా ఉన్నప్పుడే, అంటే మూడో వారం నుంచి మూడో నెల దాకా చూసిన లోకమే కుక్కకి సొంత లోకం. లారీ హారన్, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గొడుగు, ఆటో... అన్నీ అప్పుడే పరిచయం చేయాలి. టీకాలు పూర్తికావు కాబట్టి కింద దించకుండా ఎత్తుకుని చూపిస్తే సరి.

వృత్తి నేర్చుకునే కుక్కలకు పెద్ద బడి పొరుగు జిల్లాలోనే ఉంది. మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో పోలీసు జాగిలాలూ వాటి హ్యాండ్లర్లూ కలిసి శిక్షణ పొందుతారు. పేలుడు పదార్థాల వాసన పట్టే జాగిలానికి అది ప్రమాదమని తెలియదు. వాసన దొరికితే బంతి దొరుకుతుందని మాత్రమే తెలుసు. దానికదో ఆట! ఇంట్లో పాఠానికీ కిటుకు అదే.

ఆ నీళ్లు వద్దు
నీళ్లు కనిపిస్తే లాబ్రడార్ ఆగదు. ఇక్కడ ఆపాల్సిందే. పటాన్‌చెరు ప్రాంతపు వ్యర్థ జలాల్లో మందుల అవశేషాలు భారీగా ఉన్నట్టు 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. కాబట్టి నక్కవాగులోనో దారి పక్క కుంటలోనో ఈత వద్దు. వాకింగ్‌కి వెళ్తే ఇంటి నుంచే సీసాలో నీళ్లు పట్టుకెళ్లాలి. సంగారెడ్డి దగ్గర మంజీర నీళ్లు ఎంత ఊరించినా అది అభయారణ్యం. పక్షుల ఇల్లు, మొసళ్ల ఇల్లు. కుక్కలకు చోటు కాదు.

ఎండాకాలంలో బయల్దేరేముందు అరచేతి వెనక భాగాన్ని తారు రోడ్డుకి ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

‘అన్నా... కరుస్తదా?’
వీధిలో కుక్కతో వెళ్లే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది. ‘ఏమనదు’ అన్నది అందరి దగ్గరా ఉన్న జవాబు. అది చాలదు. 2024 జూన్‌లో పటాన్‌చెరు మండలంలో వలస కూలీల బిడ్డ ఒకడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. సెకండ్ షిఫ్టు దిగి చీకట్లో గదికి నడిచివెళ్లే కార్మికుడికి ఎదురొచ్చేది పెంపుడు కుక్కా, ఊరకుక్కా అన్న తేడా తెలియదు. అతని భయం నిజం. గొలుసు దగ్గరికి పట్టుకుని, కుక్కని పక్కన కూర్చోబెట్టి, అతనికి దారివ్వాలి. అసలు జవాబు అదీ!

మూడో నెలలో రేబిస్ టీకా, ఆపైన డాక్టరు చెప్పిన ప్రకారం ఏటా... ఇది మరవకూడదు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్ నుంచి మనిషిని కాపాడటం దాదాపు అసాధ్యం. ఏ కుక్క కరిచినా ముందు ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు గాయం కడగాలి. ఆ వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంకోమాట. పెంపుడు కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకపోతే, వద్దనుకున్న పిల్లలు చేరేది ఏ కంపెనీ గేటు దగ్గరికో. బదిలీ అయిందనో, కాంట్రాక్టు ముగిసిందనో వదిలేసిన పెద్ద కుక్కలూ అక్కడికే చేరతాయి. వీధికుక్కలు పెరిగిపోయాయని తిట్టుకునే ముందు ఆ గుంపులో మన వాటా ఎంతో చూసుకోవాలి.

కుక్కతోక వంకర అని మనవాళ్లు ఊరికే అనలేదు. తోక సంగతి ఎలా ఉన్నా, గొలుసు పట్టుకున్న చెయ్యి తిన్నగా ఉంటే నడక మాత్రం తప్పకుండా తిన్నగానే ఉంటుంది.