లంబసింగి ఘాట్‌లో అద్దం మీద బాణం

తెల్లవారుజామున 4 గంటలకి నర్సీపట్నం దాటి లంబసింగి ఘాట్ ఎక్కాం. కారు కొత్తది. ముందు అద్దం మీదే స్పీడు, దారి చూపే బాణం తేలుతున్నాయి. నాకైతే వీడియో గేమ్‌లా భలే ఉంది!

"కిందకి చూడక్కర్లేదు, అంతవరకు బాగుంది..." అంటుండగానే డ్రైవర్ అన్నకి పొగమంచు అడ్డొచ్చింది. కెమెరాకి లైన్లు కనపడక లేన్ అసిస్ట్ ఆగిపోయింది. బాణం మాత్రం వెలుగుతూనే ఉంది. అన్న దాన్ని ఆపేసి, పక్క అద్దం దించి, హారన్ కొట్టి చెవి పెట్టాడు. మలుపు అవతల ఇంకో హారన్. అంచుకి తీసి ఆగాం. టాపు మీద కూడా జనంతో, ఒక్క లైటు జీపు మమ్మల్ని రాసుకుంటూ దిగిపోయింది. నా గుండె ఆగినంత పనైంది.

పైన టీ కొట్టు దగ్గర ఓ కుర్ర డ్రైవర్, "హైవేలో కునుకు పడితే బీప్ కొట్టి లేపిందన్నా, నాకు అదే దేవుడు" అన్నాడు.

"హైవేకి సరే తమ్ముడూ. జీపు హారన్ దానికి వినపడదుగా?"

దిగేటప్పటికి మంచు విడిపోయింది. బాణం మళ్లీ ఆయనే ఆన్ చేశాడు.