మీటరు తిరిగి సున్నాకొస్తే

పాత స్కూటర్ మీటరు 99999 దాటగానే మళ్లీ సున్నాలకొచ్చేది, గుర్తుందా? లైనక్స్ కెర్నెల్లోనూ అలాంటిదే ఒకటి 2016 జనవరిలో బయటపడింది.

కెర్నెల్లో ఒక వస్తువును ఎంతమంది వాడుతున్నారో ఒక లెక్క ఉంటుంది. కొత్తవాడొస్తే ఒకటి కలపాలి, పోతే ఒకటి తీసేయాలి. సున్నా అయితే ఆ మెమరీ ఖాళీ చేసేయొచ్చు. తాళాలు (కీలు) దాచే కీరింగ్ కోడ్‌లో ఒక్క దారిలో మాత్రం ఆ తీసేయడం మర్చిపోయారు. ప్రాసెస్ తన దగ్గరున్న సెషన్ కీరింగ్‌నే మళ్లీ అడిగితే చాలు, లెక్క ఊరికే ఒకటి పెరిగేది. 32 బిట్ల లెక్క కాబట్టి దాదాపు 429 కోట్ల సార్లు అడిగితే మళ్లీ సున్నా. అన్నిసార్లు ఎవడు అడుగుతాడనుకుంటాం. కనిపెట్టినవాళ్లు మామూలు ఇంటెల్ ఐ7 మీద అరగంటలో చేసి చూపించారు! ఇంకా వాడుకలో ఉన్న మెమరీ ఖాళీ అయిపోయింది, అందులో వాళ్లు రాసిపెట్టిందే కెర్నెల్ నమ్మింది, రూట్ చేతికొచ్చింది.

2017లో కెర్నెల్ 4.11తో, ఇలాంటి లెక్కల కోసమే వచ్చిన రిఫ్‌కౌంట్_టీ అందుకే నాకిష్టం. హద్దు దాటితే లెక్క అక్కడే బిగుసుకుపోతుంది. సున్నా నుంచి పైకి లేపబోతే లాగ్‌లో హెచ్చరిక పడుతుంది. బిగుసుకున్న వస్తువు తాలూకు మెమరీ రీబూట్ దాకా వృథానే, పోతే పోనీండి. (పాక్స్ అనే భద్రతా ప్యాచ్‌లో ఈ ఆలోచన ఏళ్ల ముందే ఉంది. కెర్నెల్ వాళ్లు వేగం తగ్గుతుందని గునిశారు.)

డ్రైవర్లు రాసే మిత్రులారా, ఇలాంటి లెక్కలకు ఇంకా మామూలు అటామిక్_టీ వాడుతుంటే ఈ వారాంతం కూర్చుని రిఫ్‌కౌంట్_టీకి మార్చేయండి.