ఇంటి పద్దు

తెలుగువారికి జమాఖర్చులు రాసుకోవడం కొత్తగా అబ్బిన విద్య కాదు. చిట్టా, ఆవర్జా, పద్దు, నిలువ వంటి మాటలు గ్రామ కరణాల కవిలెకట్టల నుండి, వర్తకుల దుకాణాల నుండి సామాన్యుల ఇళ్లకు చేరాయి. ఏనాటి రాబడిని, ఖర్చును ఆనాడే వరుసగా రాసేది చిట్టా. అందులోని పద్దులను బియ్యం, బడి, వైద్యం, బాకీ అంటూ ఖాతాలవారీగా విడదీసి చూపేది ఆవర్జా. చిట్టా ఎవరైనా రాయగలరు. ఇల్లు నడిపేవారికి అసలు పనికివచ్చేది ఆవర్జాయే. భద్రాచల రామదాసు సైతం గోలకొండ చెరలో పాడిన కీర్తనలో ఎవరికి ఏ నగ చేయించినదీ, దానికి ఎన్ని మొహరీలు పట్టినదీ విడివిడిగా ఏకరువు పెట్టాడు. ఎంత భక్తుడైనా ఆయన తహశీల్దారు కదా!

ఈ ఆవర్జాను కంప్యూటరు మీదికి తెచ్చినవే ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్లు. అమెరికాలో 1983లో స్థాపితమైన ఇంట్యూట్ సంస్థ 'క్వికెన్'ను రూపొందించింది. 1991లో మైక్రోసాఫ్ట్ 'మనీ'ని తెచ్చింది. ఏళ్ల తరబడి లక్షలాది కుటుంబాలు తమ సంసారాల లెక్కలను వీటికి అప్పగించాయి. అయితే 2009 జూన్ నెలాఖరుతో 'మనీ' అమ్మకాలు నిలిచిపోయాయి. పాత వినియోగదారుల కోసం 2010లో ఒక ఉచిత ప్రతిని విడుదల చేశారు. పాత లెక్కలు అందులో తెరుచుకుంటాయి. కానీ బ్యాంకు పద్దులు, వాటాల ధరలు మునుపటివలె వాటంతటవే వచ్చి చేరవు. 2007లో వచ్చిన 'మింట్' కథా ఇటువంటిదే. 2009లో దానిని ఇంట్యూట్ కొన్నది. 2024 మార్చిలో మూసివేసింది. వినియోగదారులను తన మరొక సేవ అయిన 'క్రెడిట్ కర్మ'కు తరలిపొమ్మన్నది. ఖాతాలవారీగా నెలనెలా హద్దు పెట్టుకొనే బడ్జెట్ సదుపాయం ఆ కొత్త ఇంటిలో లేదు. అంటే చిట్టా మిగిలింది, ఆవర్జా పోయింది.

ఇక్కడ ఒక వింత గమనించదగినది. నాగలి అయినా, కత్తి అయినా వాడగా వాడగా అరుగుతుంది. ఈ పనిముట్లు అలా కాదు. రాత్రి నిండుగా ఉన్నవి తెల్లవారేసరికి తరిగి ఉంటాయి. వాడేవారి ప్రమేయం అందులో ఏమీ ఉండదు.

కారణం వెదికితే అది యంత్రంలో కనిపించదు, రాబడిలో కనిపిస్తుంది. 'మింట్' ఉచితం. క్రెడిట్ కార్డులను, రుణాలను సిఫారసు చేసినందుకు వచ్చే ప్రతిఫలమే దానికి ఆదాయం. 'క్రెడిట్ కర్మ' బతుకుతెరువూ అదే. మన దేశంలో 'వాల్‌నట్' అనే సేవ ఫోనుకు వచ్చే బ్యాంకు సందేశాలను చదివి ఖర్చులను తనంత తానే వర్గీకరించి చూపేది. రాసుకొనే ఓపిక లేనివారికి అది గొప్ప ఉపకారం. 2018లో దానిని 'క్యాపిటల్ ఫ్లోట్' అనే రుణసంస్థ కొన్నది. తరువాత దాని పేరు 'యాక్సియో'గా మారింది. పద్దు చూపే చోటనే అప్పు ఇచ్చే కొట్టు కూడా తెరుచుకున్నది. ఇందులో చట్టవిరుద్ధమైనది ఏదీ లేదు. కానీ అప్పు చేయకుండా నెల గడుపుకొనే దారి చూపే సదుపాయం మీద, అప్పులిచ్చే యజమానికి ఎంత శ్రద్ధ ఉంటుంది?

ఈ ప్రశ్న బొగ్గుబావుల ప్రాంతానికి దూరమైనది కాదు. మంచిర్యాల జిల్లాలోని జైపూర్ రాజస్థాన్ రాజధానివలె పేరు మోసినది కాకపోవచ్చు. అయినా సింగరేణి సంస్థ నడిపే 1,200 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం ఇక్కడిదే. 2016 నుండి అది వెలుగులు పంచుతున్నది. పక్కనే ఇందారం, శ్రీరాంపూర్ గనులున్నాయి. ఇక్కడి కార్మికుల రాబడి ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. నెల జీతానికి తోడు దసరా సమయంలో లాభాల వాటా వస్తుంది. 2024 సెప్టెంబరులో ప్రకటించిన వాటా 33 శాతం. మొత్తం 796 కోట్ల రూపాయలు. అది ఒక్కొక్క శాశ్వత కార్మికుడికి సగటున 1 లక్షా 90 వేల రూపాయలు అయింది. ఆ ఏడాదే తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులకు ఒక్కొక్కరికి 5,000 రూపాయలు ప్రకటించారు. వచ్చిన సొమ్మును అలాగే చూపి ఊరుకొనే లెక్క ఆ నెలలో ఇంటిని సంపన్నంగా చూపిస్తుంది. జూన్‌లో కట్టవలసిన కళాశాల రుసుము, తీరని చిట్టీ వాయిదా దానికి కనబడవు. పండుగ సొమ్మును పన్నెండు నెలలకు పంచి చూపేది బడ్జెట్. తొలగింపునకు గురైనదీ అదే.

లెక్క అప్పులవాడి చేతికి పోతే ఏమవుతుందో ఈ ప్రాంతం ఎరుగును. వడ్డీవ్యాపారులు కార్మికుల ఏటీఎం కార్డులను హామీగా తమ వద్ద ఉంచుకొన్న ఉదంతాలు పత్రికలలో పలుమార్లు వచ్చాయి. జీతం పడిన రోజున డబ్బు తీసేది కార్డు దగ్గరున్నవాడే. కార్మికుడికి ఎంత తీర్చాడో, ఎంత మిగిలిందో వ్యాపారి చెప్పిన మాటే ఆధారం. సొంత పద్దు ఉన్నవాడు ఆ మాటను కాదనగలడు.

అటక మీది నోటుపుస్తకానికి ఇంకొక గుణమున్నది. దానిని ఇల్లాలు తెరవగలదు, బడికి పోయే పిల్లవాడు చదవగలడు. గనికి పోయిన మనిషి తిరిగిరాకపోతే ఎవరికి ఎంత బాకీ, ఎవరి నుండి ఎంత రావాలి అనేది అందులో ఉంటుంది. వేలిముద్రతో తెరుచుకొనే ఫోను ఆ వేళ తాళం వేసిన పెట్టెయే.

అందువల్ల కంప్యూటరును వదలిపెట్టమని కాదు. కూడికలలో అది మనిషికంటె నమ్మదగినది. 1998లో మొదలైన 'గ్నూక్యాష్' వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వాటి మూలసంకేతం బహిరంగం. లెక్క వాడేవారి కంప్యూటరులోనే ఉంటుంది. యాజమాన్యం చేతులు మారిందని పాత ప్రతి పనిచేయడం మానదు. నేర్చుకోవడం మాత్రం కొంత కష్టమే. అంత తీరిక లేనివారు, ఏ సేవను వాడినా, నెలకొకసారి పద్దులన్నిటినీ పట్టికగా దింపుకొని కాగితం మీద అచ్చు తీసి ఉంచుకోవచ్చు. 'మింట్' మూతపడక ముందు అలా దింపుకొన్నవారి వద్ద పాత లెక్కలు ఇప్పటికీ ఉన్నాయి.